కొలతల పుస్తకం

అపొస్తలుడు కపెంబ్వా నడుము
నాకు తెలిసినంతగా ఆయన భార్యకీ తెలియదు.
మొదటి ఏడు ముప్పై రెండు అంగుళాలు,
అప్పుడు గుడారం, ప్లాస్టిక్ కుర్చీలు, అరువు మైకు.
రేకుల కప్పు వేసిన ఏడు ముప్పై ఆరు.
గాజు తలుపులొచ్చాక నలభై మూడు.
అన్నీ పెన్సిల్‌తో రాసిపెట్టాను.
నన్నెవరైనా సాక్ష్యం చెప్పమంటే
ఆ పుస్తకం తెరిచి చూపిస్తాను.

కిట్వేలో, చిసోకోనే బజారు వెనక సందులో నా మిషను.
కాళ్లతో తొక్కేది, కరెంటు పోయినా ఆగదు.
బనా ముటాలే అంటారు నన్ను, ముటాలే తల్లినని.
ఎదురుగా, రాగి తీసుకుని పారబోసిన చిట్టెం,
కొండంత ఎత్తున నల్లగా.
గని నా భర్త చిసెంగాని ఇరవై రెండేళ్లు వాడుకుని
ఒక చేతి గడియారం, ఒక దగ్గు ఇచ్చి పంపింది.

"విత్తనం వెయ్యండి" అంటాడు అపొస్తలుడు,
"నొప్పి పుట్టేంత వెయ్యండి, నూరంతలు కోస్తారు."
మొక్కజొన్న పండించే ఇంట పుట్టినదాన్ని,
విత్తనమంటే నాకు తెలుసు.
చేను మనదైతే కదా పంట మనింటికొచ్చేది.
ఆ మాట పైకి అనలేదు.
అనకుండా యాభై క్వాచాలు వేశాను.
ఇంకో వారం మిషను నూనె డబ్బులు వేశాను.
ముటాలే బడి ఫీజు వేసిన రోజు
బస్సుకి లేక ఇంటిదాకా నడిచాను,
పాడుకుంటూనే నడిచాను, అబద్ధం ఎందుకు.

ఆయన ప్రసంగాల్లో సూది బెజ్జం ఎప్పుడూ రాలేదు.
ఒంటె సంగతి నాకు తెలీదు, మా వైపు ఒంటెల్లేవు.
దారం సంగతి చెప్పగలను:
లావైతే దూరదు.
కొస ఏటవాలుగా కోసి, ఎంగిలితో తడిపి,
పళ్ల మధ్య సన్నం చేసి,
ఊపిరి బిగబట్టి వంగాలి.

పోయిన మంగళవారం బూడిదరంగు కోటు పంపాడు,
రెండు వేళ్ల మేర వదులు చెయ్యమని.
కూలి అడిగితే డ్రైవరు నవ్వాడు:
"అమ్మా, దాన్నీ విత్తనమే అనుకో."
లోపలి జేబు తడిమాను, దర్జీ అలవాటు,
పిన్నీసుంటే మిషను సూది విరుగుతుంది.
కవరు తగిలింది.
అంచు చించి ఉంది. డబ్బు లేదు.
చీటీ మాత్రం, పెట్టినవాడు పెట్టిన మడతలోనే.
ఎడమకి ఒరిగే ఆ అక్షరాలు
మా ఇంటి అప్పుల లెక్కల్లో రోజూ చూసేవే.

కారు అడగలేదు చిసెంగా. ఇల్లు అడగలేదు.
"రాత్రిళ్లు రెండు గంటలు నా దగ్గు ఆపు ప్రభువా,
బనా ముటాలే నిద్రపోవాలి."
కింద, పెద్దలకి రాసే ఉత్తరంలోలా, "ఇట్లు".

గడియారం రిపేరుకిచ్చానన్నాడు ఈస్టరప్పుడు.
ఇప్పటికీ రాలేదేమని నేనూ అడగలేదు.

చాలాసేపు కత్తెర పట్టుకుని కూర్చున్నాను.
నిలువునా కోసేద్దామనిపించింది.
మంచి గుడ్డ, చెయ్యి రాలేదు.
నడుము వదులు చేశాను, ఒప్పుకున్న పని.
తర్వాత ఎడమ వైపు లైనింగు విప్పి
చీటీ మడత తీసి పరిచి
చీమల బారంత సన్నటి కుట్లతో
గుండె మీద కుట్టేశాను.

ఆదివారం వెనక వరసలో కూర్చున్నాం.
కోటు చక్కగా సరిపోయింది ఆయనకి.
చెయ్యెత్తి "ఐశ్వర్యం!" అని అరిచినప్పుడల్లా
జనమంతా ఆమెన్ అన్నారు.
నేను కాగితం చప్పుడు కోసం చెవి రిక్కించాను.
కానుకల పళ్లెం వచ్చింది.
తేలిగ్గా లేదది, పక్కవాళ్లకి అందించాను.
చిసెంగా నావైపు చూశాడు,
దగ్గుని రుమాల్లో నొక్కుకుంటూ,
గడియారం లేని మణికట్టుని
మోకాళ్ల మధ్య దాచుకుంటూ.